ఎదుటి అంచు

ఎల్బీనగర్‌లో మేము పదకొండేళ్లు కిరాయికి ఉన్న ఇంటి ఓనరు గారు పోయిన వారం చనిపోయారు. దిల్‌సుఖ్‌నగర్‌లో నా మ్యాచింగ్ బట్టల షాపు అప్పుడే తెరుస్తున్నాను. వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "నాన్న తెల్లారుజామున పోయారండీ" అంది. షట్టరు మళ్లీ దించి, పోచంపల్లిలో మగ్గం నేసే మా అన్నకు కబురు చెప్పాను.

ఓనరు గారు కోస్తా నుంచి వచ్చి ముప్పై ఏళ్లు రేకు డబ్బాల మూతలు కొట్టే ప్రెస్సు నడిపారు. దెబ్బ పడితే లోహం ఎటు జరుగుతుందో ఆయన చేతికి తెలుసు. రిటైరయ్యాక ఆ తెలివంతా నాణేల మీద పెట్టారు. సరూర్‌నగర్ చెరువు దాకా నడిచొచ్చి, కిరాణా కొట్టు చిల్లర వరండాలో పోసుకుని, బూటు లేసుతో మెడలో వేసుకున్న భూతద్దం పెట్టి ఒక్కొక్కటి చూసేవారు.

ఒకసారి షాపు గల్లాలో ఒక అక్షరం లేని రూపాయి దొరికితే చూపించాను. "అరిగిపోయింది సార్" అన్నాను.

"అరిగితే పక్కనున్న సింహం జూలు కూడా అరగాలిగా? చూడు, ఎంత పదునుగా ఉందో. అచ్చులో జిడ్డు చేరి అక్షరం పడలేదు. ఇది పుట్టుకతో వచ్చిన తప్పు."

ధర అడిగితే మాత్రం నచ్చేది కాదు. "ఎంతొస్తుందని కాదయ్యా, ఎలా జరిగిందని అడుగు" అనేవారు.

మా అన్న ఒకరోజు ఐదు రూపాయల బిళ్ళ పట్టుకుని వచ్చాడు. ఒక అంచున నెలవంకలా కొరికినట్టుంది. అలాంటిది లక్షలు పలుకుతుందని ఫోన్‌లో వీడియో చూశాడట. ఇక నేత ఎందుకని మగ్గం బేరం పెట్టేశాడు. మర్నాడే కొనేవాళ్లొచ్చి విప్పుకుపోతారు. అది మా నాయన మగ్గం. నేను చెబితే వినలేదు. ఓనరు గారి దగ్గరికి తీసుకెళ్లాను.

బిళ్ళ తళతళలాడుతోంది. "తోమావా?" అన్నారు.

"చింతపండు పెట్టి రుద్దిన సార్. సాఫ్‌గ ఉంటె రేటు మంచిగొస్తది గదా."

"బాగుంది. ఇది నిజంగా నాణేలు కొట్టే మింటులో జరిగిన తప్పయితే, తోమి నువ్వే దాని విలువ సగం చంపేసేవాడివి."

భూతద్దం అన్న చేతికిచ్చారు. "కోత వైపు కాదు, దాని ఎదుటి అంచు చూడు. మింటులో బిళ్ళే తక్కువగా తెగితే, అంచు లేపే మిషన్‌కి ఆ వైపు పట్టు దొరకదు. ఎదుటి అంచు కూడా సరిగ్గా లేవదు. నీ దాంట్లో నిండుగా ఉంది. కోతలో ఆకురాయి గీతలు కూడా ఉన్నాయి. ఎవరో అరగదీశారు."

"తక్కువకు గుంజుకుందామని చూస్తున్నరా సార్?" అన్నాడు అన్న. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన కోప్పడలేదు. లోపలికెళ్లి ఒక పాత నేతచీర తెచ్చి చిరుగు చూపించారు. "ఇది నేతలో పోయిందా, కట్టాక పోయిందా?"

అన్న చీరను వెలుతురుకు పెట్టాడు. "కట్టినంకనే. మేకుకు తట్టుకుంది. నేతల పోగు తప్పితే గిట్ల ఉండది, గీత లెక్క సాగుతది."

"చూడగానే చెప్పావు. ఎన్నేళ్లు పట్టింది అది నేర్చుకోవడానికి?"

అన్న భూతద్దం మళ్లీ అందుకున్నాడు. ఈసారి బిళ్ళను తనే తిప్పి, ఎదుటి అంచును చాలాసేపు చూశాడు. తర్వాత గేటు దగ్గర నిలబడి, మగ్గం కొంటామన్నవాళ్లకు ఫోన్ చేసి రావద్దన్నాడు.

పోయిన వారం అన్న పన్నెండు కాకముందే ఎల్బీనగర్ చేరాడు. పని మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు. పాడె లేపేటప్పుడు ఎవరూ పిలవకుండానే వెళ్లి భుజం పెట్టాడు. వెదురును పట్టుకున్న వేళ్లకు, గోళ్ల చుట్టూ, నూలుకద్దిన ఎర్రరంగు అలాగే ఉంది.