బాతుల వేటకు తాతయ్య పొట్టి తుపాకి

మొన్న వీడియో కాల్‌లో తాతయ్య తుపాకి ఆయన ఫ్రెండ్ తుపాకికన్నా పొట్టిగా ఉందేంటని మీరు నవ్వారు. ఆయనా నవ్వి ఊరుకున్నారు. నేను చెప్తాను, వినండి పిల్లలూ.

ఇక్కడ కెనడాలో, విండ్సర్‌లో కార్ల ఫ్యాక్టరీ నుంచి రిటైరయ్యాక తాతయ్య సోఫాకు అతుక్కుపోయారు. టీవీ, నిద్ర, మళ్ళీ టీవీ. ఆయన్ని లేపి బయటికి తీసుకెళ్ళింది ఆ ఫ్రెండే. ఇద్దరూ లైసెన్సు తెచ్చుకుని, చలి మొదలవగానే సరస్సు ఒడ్డు రెల్లులో బాతుల కోసం కూర్చునేవారు. తిరిగొచ్చేసరికి మనిషి మొహం వెలిగిపోయేది.

మా అత్తగారి కాలం నుంచీ మన ఇంట్లో ఒకటే మాట: చంపింది పళ్ళెంలోకి రావాలి.

తాతయ్య కొన్న మొదటి తుపాకి షాపులోకెల్లా పొడవైంది. ముప్ఫై అంగుళాల గొట్టం. దాని చివర బిగించే చోక్, అంటే తూటాలోని ఇనప రవ్వలు ఎంత మేర చెదరాలో తేల్చే మూతి, అది కూడా బాగా ఇరుకైనదే తీసుకున్నారు. పొడవు గొట్టమైతే దూరం కొడుతుందని ఆయన నమ్మకం. తీరా చూస్తే, గొట్టం తిప్పబోతే రెల్లుకు తగులుకునేది. బాతులు తప్పించుకునేవి. తగిలినదాని రొమ్ము మాంసం ఛిద్రమై, రవ్వలన్నీ ఒకేచోట గుచ్చుకుని ఉండేవి. కూర వండేముందు అవి ఏరలేక విసుగొచ్చేది నాకు.

ఒకరోజు రెక్క విరిగిన బాతు రెల్లులో పడింది. ఎంత వెతికినా దొరకలేదు. ఇంటికొచ్చి తుపాకి తుడిచి, బీరువాలో పెట్టి తాళం వేశారు.

"నా చూపు పోయింది. ఇక వెళ్ళను."

మళ్ళీ సోఫా. నాకు భయమేసింది.

ఆదివారం చర్చి నుంచి ఫ్రెండ్ మా ఇంటికొచ్చాడు. "చూపు కాదు చెల్లెమ్మా, మొండితనం," అన్నాడు.

నేను టీ ఇస్తూ అడిగాను. "ఏమండీ, బాతులు మీకు ఎంత దగ్గరికొస్తాయి?"

"మన గుమ్మం నుంచి ఎదురింటి మెయిల్‌బాక్స్ అంత."

"అంత దగ్గరికొస్తే, వల విప్పకుండా ముద్దలా విసిరినట్టు కొడతారేంటి? రవ్వలన్నీ ఒక్కచోటే ఉంటున్నాయి."

ఫ్రెండ్ పగలబడి నవ్వాడు. "బావా! కొల్లేటి మనిషివి, నీకు వల గురించి చెల్లెమ్మ చెప్పాల్సొచ్చిందా!"

తాతయ్య మూతి ముడుచుకున్నారు గానీ, మర్నాడు తుపాకి గురి చూసుకునే రేంజ్‌కి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. అంతే దూరంలో పెద్ద అట్ట నిలబెట్టి, ఇరుకు చోక్‌తో ఒకసారి, వెడల్పు చోక్‌తో ఒకసారి కాల్చారు. మొదటి అట్ట మీద రవ్వలు అన్నం పళ్ళెమంత మేర కిక్కిరిసి ఉన్నాయి. రెండోదాని మీద చాటంత మేర సమంగా పరుచుకున్నాయి. ఆయన రెండో అట్ట దగ్గర చాలాసేపు నిలబడ్డారు.

షాపుకెళ్ళి ఇరవై ఆరు అంగుళాల గొట్టం తుపాకికి బిగించి అటూ ఇటూ తిప్పి చూశారు. తేలిగ్గా తిరిగింది.

"మరి దూరంగా పోయేవి?" అన్నారు, ఏదో పోగొట్టుకున్నట్టు.

"పోనివ్వండి."

ఆ మాట ఆయనకు నచ్చలేదు. అయినా కొన్నారు.

కొత్త గొట్టంతో వెళ్ళిన మొదటిరోజు ఖాళీ చేతులతో వచ్చారు.

"ఒక్క బాతే వచ్చిందే. దూరంగా పోయింది. కొట్టలేదు," అన్నారు.

సోఫా వైపు నడుస్తారేమోనని చూస్తూ నిలబడ్డాను. ఆయన బురద బూట్లు విప్పి గుమ్మం పక్కన పెట్టారు. నేను వాటిని తీసి లోపల పెట్టబోయాను.

"అక్కడే ఉండనీ. పొద్దున్నే కావాలి."