గొర్రెపిల్ల గుండె మీది ముక్క

క్యాన్సర్‌కు మెరుగైన వైద్యం కోసం జరిగే పరిశోధనలో పని చేస్తాను. రోగంతో కొట్లాడే కణాలు కొన్ని గుండెకు పైనుండే థైమస్ గ్రంథిలో పెరిగి, పని నేర్చుకుంటాయి. అదెట్లో చూసేదానికి మాకు లేత గొర్రెపిల్ల థైమస్ కావాల. అందుకే ప్రతి ఆదివారం ఐస్ డబ్బా పట్టుకొని అనంతపురంలో మస్తానన్న మటన్ అంగడికి పోతాను. ఆ ముక్క ఎవురూ కొనరు. నేను అడగకముందు కుక్కలకు పడేసేవాడు.

ఈ పొద్దు వరసలో నా వెనకున్న పెద్దాయన డబ్బా చూసినాడు.

"ఏమప్పా మస్తానూ, ఆయమ్మకు ఏందో దాచిపెట్టి ఇస్తాండావే. మేం కనపడలేదా?"

గొడవెందుకని నేనే చెప్పినా. "తినేదానికి కాదు పెద్దాయనా. క్యాన్సర్‌తో కొట్లాడే కణాలు దీంట్లోనే తయారవుతాయి. అదెట్లో ల్యాబులో చూడాల."

అదే నేను చేసిన తప్పు. వరసలో ఉన్నోళ్లందరికీ ఆ ముక్కే కావాల్సొచ్చింది. తింటే రోగం నయం కాదని మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. "మరి నువ్వెందుకు తీసుకపోతాండావమ్మా?" అని పెద్దాయనే ముందు కవర్లో వేయించుకున్నాడు. నేను ఖాళీ డబ్బాతో ల్యాబుకు పోయినా.

వచ్చే ఆదివారానికైనా ఒకటి దాచమని ఇందాక మస్తానన్నకు ఫోన్ చేసినా.

"చానామంది చెప్పిపెట్టినారు మేడమ్. ఇంట్లో క్యాన్సర్ ఉన్నోళ్లకే ముందు ఇస్తాండా. మీ ఇంట్లో ఎవురికన్నా ఉండాదా?"

లేదని చెప్పినా. మీరైతే ఏమని చెప్పేవాళ్లు?