మా మరిది సాక్ష్యం

రాసుకో బంగారం, మా మరిది పేరు మాత్రం రాయకు. ఆయన మా చెల్లెలి మొగుడు. కాలువలో బాప్తిస్మం తీసుకున్నాక తాగుడు మానేశాడు. ప్రతి ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పేవాడు.

"తాగొచ్చి మా ఆవిణ్ణి జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చేవాణ్ణండీ. అలాంటి పాపిని దేవుడు ఊరికే క్షమించేసేడండీ. అంతా కృపండీ!"

కర్చీఫుతో కళ్లు ఒత్తుకునేవాడు. జనం స్తోత్రం అనేవారు. చాప మీద మా చెల్లి ముసుగు ఇంకాస్త కిందికి లాక్కునేది.

ఒక ఆదివారం ఒళ్లు మండి లేచాను.

"దేవుడి కృపకి నేనడ్డు రాను మరిదిగారూ. మీరు ఈడ్చింది దేవుణ్ణి కాదు కదా! మా చెల్లిని ఎప్పుడైనా క్షమించమని అడిగేరా?"

"దేవుడే క్షమించేసేక ఇంకెవర్ని అడగాలి వదినగారూ?" అన్నాడు.

"నన్నండీ," అంది మా చెల్లి, చాప మీంచే.

ఆయన ఆమేన్ అని కూర్చున్నాడు. ఇప్పటికీ అడగలేదు.