రెండు వారాల తేడా

నేను ఓడ దిగి ఇంటికొచ్చిన సరిగ్గా ముప్పై అయిదు వారాలకు మా పాప పుట్టింది. డాక్టరమ్మ మాత్రం ముప్పై ఏడు నిండాయని, నెలలు నిండిన బిడ్డేనని చెప్పింది. నేను రాకముందు ఆ రెండు వారాల్లో మా ఇంటికి ఎవరెవరు వచ్చిపోయారో ఆలోచిస్తూ కుళ్లిపోయాను.

ఒకరోజు అచ్యుతాపురం బస్సులో నా పక్కన ఒక రిటైరైన నర్సు కూర్చుంది. స్నేహితుడి సంగతన్నట్టు ఆమెను అడిగాను.

"మొగుడొచ్చిన కాడ్నుంచి కాదు బాబూ, ఆఖరిసారి నెలసరొచ్చిన రోజు కాడ్నుంచి లెక్కెడతారు. కడుపు పడేసరికే రెండు వారాలైపోతాయి. ముప్పై ఏడు నిండకపోతేనే నెలతక్కువ బిడ్డ" అంది. నా మొహం చూసి, "ఇంతకీ పిల్లనెత్తుకున్నావా, నేదా?" అని అడిగింది.

అప్పటికి పాపకు నలభై రోజులు. నేను ఒక్కసారీ ఎత్తుకోలేదు.

చిన్న బిడ్డ కదా, ఎత్తుకోవడానికి భయమేసిందని ఇన్నేళ్లూ అందరికీ చెప్పాను. నా భార్య కూడా అదే నమ్మింది. అది భయం కాదు.