చాచా గీసిన సున్నం గీత

"చాచా పోయిండు సార్" అని శుక్రవారం పొద్దున పాలాయన గేటు దగ్గరే చెప్పాడు. మారేడ్‌పల్లిలో చాచాలకు కొదవ లేదు. అయినా ఏ చాచా అని నేను అడగలేదు. మా ఇంట్లో ఆ పిలుపు ఒక్కరిదే. తెల్లవారుజామున లేచి నమాజు చేసుకుని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. ఎవరికీ తక్లీఫ్ ఇవ్వకుండా పోవాలి అని ఎప్పుడూ అనేవాడు. ఆ మాట కూడా నిలబెట్టుకున్నాడు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. పేపర్లో ఫొటో పడే మనిషి కాదు. మా పక్కింటాయన. మా బాపుతో కలిసి చెరి సగం వేసుకుని ఒక పికప్ బండి కొన్న భాగస్తుడు. యుద్ధం అయిపోయాక తిరుమలగిరిలో మిలిటరీ వాళ్ల పాత బండ్లు వేలానికి వస్తే తెచ్చుకున్నారు. బాపుకు చిన్న గోలీసోడా కార్ఖానా ఉండేది. సోడాలు మావి, స్టీరింగు చాచాది. డ్రైవరూ, మెకానిక్కూ ఆయనే. నాకు బండి నేర్పిందీ ఆయనే.

చాచా బుగ్గన ఎప్పుడూ సోంపు ఉండేది. బండి కిందికి దూరే ముందు చెప్పులు విడిచి పక్కన పెట్టేవాడు. "మసీదులకు పోతున్నవా భాయ్?" అని మా చిన్నాయన ఆటపట్టిస్తే, "కాళ్లు బయటుంటయ్ గదా, చెప్పులుంటే పోరగాళ్లు గుంజుకపోతరు" అనేవాడు. ఇంజన్ చప్పుడు వింటున్నప్పుడు ఎవరైనా మాట్లాడితే మాత్రం ఊరుకునేవాడు కాదు. సోంపు నమలడం కూడా ఆపి వినేవాడు.

ఆయన మాట ఒకటి నా జీవితమంతా పనికొచ్చింది. "ఒక్కటి మార్చు, చూడు. తర్వాతనే ఇంకోటి. రెండు ఒక్కసారే మారిస్తే ఏ మందుకు తగ్గిందో ఎరుకగాదు." రేడియో బాగుచేసుకునేటప్పుడు, నా బీపీ మాత్రలు మార్చేటప్పుడు, చివరికి ఇంట్లో గొడవలు సర్దేటప్పుడు కూడా ఈ పద్ధతే పాటించాను. మొదటి రెండింటిలో బాగా పనిచేసింది.

ఇక ఆ సంగతి చెప్పాలి. పోలీస్ యాక్షన్‌కు ముందు రోజులవి. నాకప్పుడు ఇరవై దాటాయి. ఎవరో వచ్చి బండ్లు ఎత్తుకుపోతున్నారని ఊరంతా పుకార్లు. ఎవరు వస్తారో, ఎవరి మనుషులమని చెబుతారో తెలియదు. చాచా ఒక ఉపాయం చేశాడు. ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకు అందించే షాఫ్టును బండి కింద నుంచి ఊడదీశాడు. అది లేకపోతే ఇంజన్ ఎంత అరిచినా బండి అడుగు కదలదు. ఆ షాఫ్టు ఒకదాంట్లో ఒకటి దూరే రెండు ముక్కలు. పొడుగు ముక్క మా ఇంట్లో, పొట్టి ముక్క వాళ్ల ఇంట్లో. "ఒక ఇంటిమీద పడ్డా సగమే దొరుకుతది" అని నవ్వాడు. ఊడదీసే ముందు రెండు ముక్కల మీదుగా సున్నంతో ఒక తెల్లగీత గీశాడు. మళ్లీ కలిపేటప్పుడు గీతకు గీత కలవాలన్నమాట. అప్పటికి రంగు దొరకలేదు. చాచీ పాన్‌దాన్‌లో సున్నం దొరికింది.

అలజడి అయిపోయింది. బండి ఎవరూ ఎత్తుకుపోలేదు. కానీ జిల్లాలో ఉన్న చాచా అక్క సంగతేమిటో తెలియక, ఆమెను తీసుకురావడానికి చాచా వెళ్లాడు. ఎంతకూ తిరిగి రాలేదు. ఇక్కడ కార్ఖానా మూతపడి ఉంది. ఇంకెంత కాలం చూస్తామని బాపూ, చిన్నాయనా కలిసి షాఫ్టు బిగించారు. చాచీ తమ ఇంటి ముక్కను పాత దుప్పటిలో చుట్టి తెచ్చి ఇచ్చింది. చిన్నాయనకు పానా పట్టడం వచ్చు, అంతవరకే.

బండి కదిలింది. మెల్లగా పోయినంతసేపూ బుద్ధిగా ఉండేది. కాస్త వేగం అందుకుంటే చాలు, కింది నుంచి వణుకు మొదలయ్యేది. సీటు వణికేది, స్టీరింగు వణికేది, నా దవడ కూడా వణికేది. వెనక సోడాలు ఒకదానికొకటి కొట్టుకుని పగిలేవి. బేగంపేట చేరేసరికి నేను గాజుపెంకులు మోసుకొచ్చినట్టుండేది.

చాచా అక్కను తీసుకుని తిరిగొచ్చాడు. మనిషి సగమయ్యాడు. అక్కడ ఏం చూశాడో మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. వచ్చీ రాగానే చాచీ తమ్ముడు కరాచీ పోతూ, మీరూ వచ్చేయండని పట్టుబట్టాడు. వాళ్ల ఇంట్లో ట్రంకు పెట్టెలు మంచం కింద నుంచి బయటికి వచ్చాయి. మా చిన్నాయన వాకిట్లో నిలబడి, చాచాకు వినబడేటట్టే అన్నాడు. "పొయ్యేటోనికి బండి మీద రంది ఎందుకుంటది? పాడుబెట్టి పోతుండు. వాని సగం వానికిచ్చి పంపు అన్నా."

బాపు నోరు మెదపలేదు. ఆ మౌనం మీద నాకు ఇప్పటికీ కోపమే.

చాచా మాత్రం గోడ అవతల నుంచి మామూలుగా పలికాడు. "గీ వణుకు పొయ్యేదాంక నేను యాడికీ పోను. గిసొంటి బండి అప్పజెప్పి పోతే నాకు అన్నం దిగది."

అప్పుడు మా అమ్మ పడ్డ అవస్థ చెప్పలేను. బండి బాగుపడకపోతే మాకు తిండి లేదు. బాగుపడితే పక్కిల్లు ఖాళీ అవుతుంది. ఏ దేవుడికి ఏమని మొక్కుకోవాలో తెలియడం లేదని నాతోనే అంది.

చాచా వెతకడం షురూ చేశాడు. తిరుమలగిరి నుంచి వచ్చే వాలులో ఇంజన్ ఆపేసి బండిని వదిలేశాడు. వణుకు పోలేదు. "ఇంజన్‌ది కాదు" అన్నాడు. ముందు చక్రాలు వెనకకూ, వెనక చక్రాలు ముందుకూ వేశాడు. అదే వణుకు, అదే వేగం దగ్గర. "చక్రాలది సుత కాదు." రోజుకొకటే మార్చేవాడు. చిన్నాయన గొణిగినా తొందరపడలేదు.

ఆ తర్వాత చేసిన పనికి నవ్వొచ్చింది నాకు. ఖాళీ సోడా బుడ్లు తెచ్చి, కొన్ని డ్రైవరు సీటు దగ్గర, కొన్ని బండి నడుమ, కొన్ని తోక దిక్కు తాళ్లతో కట్టాడు. ఖాళీ బుడ్డి మెడలో గోలీ వదులుగా ఉంటుంది కదా, కొంచెం కదిలినా టిక్కుటిక్కుమంటుంది. నన్ను తోలమని తాను వెనక కూర్చున్నాడు. వేగం అందుకోగానే బుడ్లన్నీ మోగాయి. అన్నింటికన్నా గట్టిగా మోగినవి నడిమివి. వాటి కిందనే షాఫ్టు.

బండి ఆపించాడు. కానీ దిగలేదు. కూర్చున్న చోటి నుంచే, "మొదటి దినమే శక్ అయ్యింది బేటా" అన్నాడు. "మరి మొదటి దినమే ఎందుకు చూడలే?" అని అడిగాను. "అది మీ ఇంటోళ్లు బిగించింది. ఇప్పుడున్న దినాలు ఎసొంటియి? ముందుగాల నీ ఇంటి దిక్కు వేలు చూపెడితె ఎట్లుంటది? అన్నీ చూసిన. ఇగ అదొక్కటే మిగిలింది."

ఊరంతా ఒకరి మీద ఒకరు వేలు చూపించుకుంటున్న రోజుల్లో, అనుమానం ఎక్కడుందో తెలిసీ, దాన్ని కావాలని చివరికి తోసిన మనిషి ఆయన.

ఇంటికొచ్చి చెప్పులు విడిచి బండి కిందికి దూరాడు. పైకొచ్చి, "గీత ఏడుంది? రెండిట్ల దేనిమీదా లేదు" అన్నాడు.

చిన్నాయన మొహం తిప్పుకున్నాడు. గీత సంగతే తనకు తెలియదట. ఇద్దరు ఆడవాళ్లూ వాకిట్లోకి వచ్చారు. ముందు అమ్మే నోరు విప్పింది. "దసరాకు ఆయుధపూజ చేసుకున్నం గద భాయ్. గడ్డపార, గొడ్డలి, అన్నిటితోని దాన్ని సుత పెట్టిన. మరి కడగకుండ ఎట్ల పెడుత? చింతపండు, బూడిదేసి తళతళ తోమిన. పసుపు, కుంకుమ పెట్టిన."

చాచా చాచీ వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అమానత్ గద. మంది సొమ్ము ఇంట్ల పెట్టుకొని మురికిగ వాపసిస్తరా? నూనె గుడ్డతోని మంచిగ తుడిచిన."

ఒకరు దేవుడి ముందు పెట్టాలని తోమింది, ఇంకొకరు నమ్మి ఇచ్చిన వస్తువని తుడిచింది. ఇద్దరి మర్యాదా కలిసి గీతను మాయం చేసింది. గీత లేక, చిన్నాయన ఎట్లా దూరితే అట్లా దూర్చాడు. ఆ షాఫ్టు రెండు కొసలకూ కొమ్ముల్లాంటి పట్లు ఉంటాయి. అవి ఒకే వరుసలో ఉండాలి. మాది ఒకటి తూర్పు చూస్తుంటే ఒకటి ఆకాశం చూస్తోంది.

ఇప్పుడు చిన్నాయనను నాలుగు మాటలు అంటాడని నేను ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే, అనాలని కోరుకున్నాను. చాచా చేతులు తుడుచుకుంటూ, "తప్పు నాదే. సున్నంతోని గీసుడేంది, రంగుతోని గియ్యాలె గని" అన్నాడు. అంతే. అమ్మ ఏడుస్తూ నవ్వింది. చిన్నాయన పానా తెచ్చి చాచా చేతికిచ్చి, తానూ బండి కిందికి దూరాడు. చెప్పులు విడిచే దూరాడు.

కొమ్ములు వరుసకు తెచ్చి బిగించే వేళకు బాపు ఎక్కడి నుంచో ఎర్రరంగు డబ్బా, కుంచె పట్టుకొచ్చాడు. ఆ రోజుల్లో రంగు కోసం ఎన్ని దుకాణాలు తిరిగాడో. బండి పక్కన వంగి, "భాయ్, ఈసారి గిదాంతోని గియ్యి" అన్నాడు.

మా అందరి ప్రాణాలూ ఆ బండి కిందనే ఉన్నాయి. పని అయిపోయింది. వణుకు పొయ్యేదాకా ఉంటానన్న మనిషి ఇక ఏమంటాడు?

"గీత ఎందుకన్నా?" అంది చాచా గొంతు. "ఇప్పేటోళ్లకు గావాలె గీత. ఇగ మనం ఇప్పేది లేదు గద."

బాపు డబ్బా కింద పెట్టి, బండికి ఆనుకుని అక్కడే కూలబడి, మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. నేను బాపును అట్లా చూడటం అదే మొదలు.

ఆ తర్వాత కరాచీ మాట వాళ్ల ఇంట్లో వినబడలేదు. రాష్ట్రం పేరు మారింది, సోడా కార్ఖానా పోయింది, బండీ పోయింది. చాచా ఉన్నాడు. నా పెళ్లికి పందిరి వేయించిందీ, బాపు పోయినప్పుడు చిన్నాయనను పట్టుకుని కూర్చున్నదీ ఆయనే. ఇంత దగ్గరగా ఒక మంచి మనిషిని ఇన్నేళ్లు చూసే భాగ్యం నాకు దక్కింది. దానికి ఎవరికి దండం పెట్టాలో తెలియక, మీకు చెబుతున్నాను.

శుక్రవారం మట్టి వేసి వచ్చాక నాకు పదే పదే గుర్తొచ్చింది, షాఫ్టు బిగించిన ఆ సాయంత్రమే. సోడాలు నిండా నింపుకుని తిరుమలగిరి బయల్దేరాం. నేను తోలుతున్నాను. నా పక్కన, ఎన్నడూ బండెక్కని అమ్మా, చాచీ బిగుసుకుని కూర్చున్నారు. చాచా వెనక సోడాల మధ్య నిలబడి, అరచేయి నా తలమీది కప్పుకు ఆనించి, కళ్లు మూసుకున్నాడు. నేను భయంభయంగా వేగం పెంచాను. వణుకు మొదలయ్యే వేగం వచ్చింది, దాటిపోయింది. ఒక్క సోడా చప్పుడు చేయలేదు. అద్దంలో చూస్తే చాచా కళ్లు తెరిచాడు. కప్పు మీద చేయి తీసేసి, గాలికి ఎగురుతున్న గడ్డాన్ని సర్దుకుంటూ, రోడ్డుకు రెండు పక్కలా ఇళ్లను ఒక్కొక్కటే చూసుకుంటూ నిలబడ్డాడు.