చెంచా చొప్పున

ఆ ఇంటి తలుపు తియ్యగానే ఆయా ముందు చేసే పని చెప్పులు విప్పడం కాదు. గోడకి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, నడుముని మెల్లగా నిటారుగా నిలబెట్టుకోవడం. మూడు అంతస్తుల మెట్లు ఎక్కి వచ్చిన నడుము అది.

"లిఫ్టు మళ్ళీ పోయిందా?" అని లోపలి గదిలోంచి మందులమ్మ అడుగుతుంది.

"దానికి నాకన్నా నడుంనొప్పి ఎక్కువండీ. పడుకునుంది."

"నీకన్నా అదే నయం. బాగుచెయ్యడానికి మనిషొస్తాడు."

ఆయాకి యాభై రెండేళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా ముసలివాళ్ళని చూసుకోవడమే పని. ఇంతకుముందు ఐదిళ్ళలో చేసింది. ఐదిళ్ళలోనూ మనుషుల్ని మంచంలోంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచంలోకి ఎత్తింది. ఎత్తే పద్ధతి ఆమెకి బాగా తెలుసు. వాళ్ళ చేతులు తన మెడ చుట్టూ వేయించుకోవాలి, మోకాళ్ళు వంచాలి, మూడు లెక్కపెట్టి లేవాలి. పద్ధతి ఎంత తెలిసినా నడుము అరిగిపోయింది. చివరి ఇంట్లో పెద్దాయన పోయాక రెండు నెలలు ఖాళీగా కూర్చుంది. ఇక ఎవరినీ ఎత్తలేనని అప్పుడే తనకి తాను ఒప్పుకుంది. కానీ ఆ మాట బయటికి చెబితే ఆయా పని ఎవరిస్తారు?

అలాంటి సమయంలో దొరికింది మందులమ్మ ఇల్లు. మందులమ్మకి ఎనభై ఒకటి. నలభై ఏళ్ళు మందుల షాపు నడిపింది కాబట్టి వీధివాళ్ళు పెట్టిన పేరది. ఆవిడ తన కాళ్ళ మీద తను నడుస్తుంది, తన స్నానం తను చేస్తుంది. ఆయా చెయ్యాల్సినవి వంట, వేళకి మాత్రలు, కాసిన్ని కబుర్లు, సాయంత్రం అయిదింటికి ఒక గ్లాసు మార్గరీటా. ఎత్తడమనేది లేదు. పైగా మూడో వారంలోనే మందులమ్మ ఇంటి తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టింది. అంతకుముందు ఏ ఇంట్లోనూ ఆయాకి తాళాలివ్వలేదు. ఆ రోజు ఆమె బస్సులో దారి పొడుగునా సంచిలో చెయ్యి పెట్టి వాటిని తడుముకుంటూనే ఉంది.

మార్గరీటా అలవాటు మందులమ్మ భర్త దగ్గర్నుంచి వచ్చింది. ఆయన ఒక హోటల్లో స్టోరు చూసేవాడు. బాగా మెత్తబడి హోటల్‌కి పనికిరాని పళ్ళు శనివారం సాయంత్రం ఇంటికి తెచ్చేవాడు. వాటి గుజ్జు తీసి, నిమ్మరసమూ, టెకీలా అనే ఘాటైన విదేశీ మద్యమూ, నారింజరసం కాచిన పాకమూ కలిపి, ఐసు వేసి మిక్సీ పట్టి, ఇద్దరూ బాల్కనీలో కూర్చుని తాగేవాళ్ళట. ఆయన పోయాక శనివారం కాస్తా రోజూ అయింది. "ఒక్కదాన్నే కదా, వారం మరీ పొడుగ్గా ఉంటోంది" అంది మందులమ్మ ఆయాతో, సంజాయిషీ ఇస్తున్నట్టు.

మొదటి రోజు ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, మందు కలపడం నేర్పినట్టే నేర్పింది.

"గ్లాసు అంచుకి నిమ్మచెక్క రుద్దు. మొత్తం కాదు, సగం. ఇప్పుడు ఉప్పు పళ్ళెంలో బోర్లించు. అటు సగం ఉప్పు, ఇటు సగం ఉత్తది. నోటికి ఏది కావాలంటే అటు తిప్పుకుంటా. జామ అయితే గింజల కోసం రెండుసార్లు వడకట్టు. అనాస అయితే నురగ తగ్గేదాకా ఆగు. పుచ్చకాయకి నిమ్మ ఎక్కువ పడుతుంది, లేకపోతే నీళ్ళు తాగినట్టుంటుంది. టెకీలా మాత్రం ఈ గీత దాకా."

అది షాపులో వాడిన పాత కొలగ్లాసు. గీత దగ్గర నలభై అయిదు ఎం.ఎల్. అని ఉంది. చిన్న చెంచాతో అయితే తొమ్మిది చెంచాలు. ఆయా ఎన్నడూ అది రుచి చూడలేదు. వాసన చూసి, ముక్కు ముడుచుకుని, గ్లాసు పట్టుకెళ్ళి ఇచ్చేది. "బాగుందాండీ?" అని అడిగేది. "బాగుంది" అనేది మందులమ్మ. ఏడాది అలా గడిచింది.

తరవాత డాక్టరు గుండెకి మాత్రలు మార్చాడు. వాటితో మద్యం ముట్టుకోకూడదన్నాడు. ఆసుపత్రిలో మందులమ్మ బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చాక అయిదు కొట్టగానే, "జామపళ్ళున్నాయా?" అంది.

రెండు వీధుల అవతల ఉండే మేనకోడలు వచ్చి అరిచింది. ఆమె బడిలో పంతులమ్మ, గొంతు పెద్దది.

"అత్తయ్యా, ఆ మాత్రలకి ఇది పడదు!"

"మాత్రల గురించి నాకు పాఠం చెప్తున్నావా? నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకి మందులిచ్చింది నేనే."

వెళ్ళేటప్పుడు మేనకోడలు ఆయాని మెట్ల మీద ఆపింది. "నా మాట వినదు. నువ్వే ఏదో ఒకటి చేసి ఆపించు. రేపు ఆవిడకేమైనా అయితే, కలిపిన చెయ్యి నీదే."

ఆ మాట ఆయాని నాలుగు రోజులు పీక్కుతింది. అయిదో రోజు ఆమె కొలగ్లాసులో గీత దాకా పోసి, అందులోంచి ఒక చెంచా తీసి తూములో పారబోసింది. ఆ ఖాళీకి ఒక చెంచా నీళ్ళు కలిపింది. వారమంతా అంతే. మరుసటి వారం రెండు చెంచాలు. గొంతులో మంట తగ్గితే తెలిసిపోతుందని అల్లం రసం చుక్కలు చుక్కలుగా పెంచుతూ పోయింది. ఆదివారం ఆదివారం మందులమ్మ ఎంత తగ్గిందో అని టెకీలా సీసా ఎత్తి చూసేది కాబట్టి, తీసేసిన చెంచాలు తూములో పొయ్యక తప్పేది కాదు. పోసిన ప్రతిసారీ కుళాయి విప్పి వాసన పోగొట్టేది. నీళ్ళ చప్పుడుకి కూడా భయపడేది.

"సీసా కొనేది నేను, పోసేది నువ్వు. హాయిగా ఉన్నది మాత్రం ఆ తూము" అని, ఆయా సంగతి చెప్పినప్పుడు నవ్వింది మేనకోడలు. ఆయాకి నవ్వు రాలేదు. మందులమ్మకి తెలిస్తే తాళాలు పోతాయి, ఈ ఇల్లు పోతుంది, మళ్ళీ ఎవరి మంచం పక్కనో నిలబడి మూడు లెక్కపెట్టాలి. మనుషుల్ని ఎత్తడం కంటే ఈ చెంచా ఎత్తడమే బరువుగా ఉందని ఒక్కోరోజు అనిపించేది. పదో వారానికి గ్లాసులో టెకీలా చుక్క కూడా లేదు. "బాగుందాండీ?" "బాగుంది."

పన్నెండో వారంలో ఒక బుధవారం, సరిగ్గా అయిదింటికి, కళ్ళజోళ్ళాయన వచ్చాడు. మందుల షాపు పక్కనే ఆయన కళ్ళజోళ్ళ షాపు ఉండేది. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి చెప్పాపెట్టకుండా ఊడిపడతాడు.

"ఇంకా బతికే ఉన్నావా?" అంది మందులమ్మ, మొహమంతా వెలుగుతో.

"నువ్వు పోయాక షాపు నేను కొనుక్కుందామని ఆగా."

"అమ్మాయ్, ఈయనకీ ఒకటి కలుపు."

ఆయా వంటింట్లో రెండు గ్లాసులు పెట్టుకుని నిలబడిపోయింది. ఆయనది అసలుది కాకపోతే అక్కడే బయటపడుతుంది. అందుకని ఆయన గ్లాసులో గీత దాకా పోసింది, మందులమ్మ గ్లాసులో నీళ్ళూ అల్లమూ. ఆయనదానికి అంచంతా ఉప్పు, ఆవిడదానికి సగమే. గ్లాసులు తారుమారు కావడానికి వీల్లేదు. ట్రే పట్టుకుని వెళ్ళి ఎవరిది వాళ్ళ వైపు పెట్టింది.

ఆయన గ్లాసు పట్టుకుని చూసి నిట్టూర్చాడు. "నాకు ఉప్పు వద్దన్నారమ్మా. బీపీ."

"కొత్తది కలిపి తెస్తానండీ" అంది ఆయా, చెయ్యి చాపి.

"మళ్ళీ ఎందుకే? కాళ్ళు లాగుతున్నాయని పొద్దున్నే అన్నావుగా." మందులమ్మ తన గ్లాసు ఆయన ముందుకి జరిపింది. "ఇదిగో, దీనికి సగం అంచు ఉత్తదే. అటువైపు నుంచి తాగు. అది నాకివ్వు."

ఆయా చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ఏమని ఆపాలి?

కళ్ళజోళ్ళాయన ఒక గుక్క తాగి, పెదాలు చప్పరించి, గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఏమిటిది, పుట్టినరోజుకి పిల్లలకిచ్చే జ్యూసా? సరుకేది ఇందులో?"

మందులమ్మ అప్పటికే తన గుక్క నోట్లో పెట్టుకుంది. మింగడానికి చాలాసేపు పట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గ్లాసు మెల్లగా కింద పెట్టి ఆయా వైపు చూసింది. తరవాత ఆయన వైపు తిరిగింది.

"సరుకు బాగానే ఉంది. నీ నాలుకే ముసలిదైంది. కళ్ళకి జోడు పెట్టుకున్నట్టు దానికీ ఒకటి చేయించుకో."

ఆయన పొలమారేలా నవ్వి, జ్యూసంతా తాగేసి, ఏవేవో పాత సంగతులు చెప్పి, ఆరున్నరకి వెళ్ళిపోయాడు. మందులమ్మ తన గ్లాసు మళ్ళీ ముట్టుకోలేదు. ఐసు కరిగి, జామ గుజ్జు అడుక్కి దిగిపోయింది.

"ఎప్పట్నుంచి?" అంది తలుపు మూశాక.

ఆయా చెప్పేసింది. దాచడానికి ఇక ఓపిక లేదు.

"ఒక్కసారే ఆపావా?"

"లేదండీ. వారానికో చెంచా. నాలుగో వారం మీకు నిద్ర పట్టట్లేదన్నారు, అందుకని అయిదో వారం తగ్గించకుండా ఆగాను. మొత్తం పది వారాలు."

"పద్ధతి సరైందే" అంది మందులమ్మ. "ఎవరు నేర్పారు?"

"మీరేనండీ. నిద్రమాత్రలు అలవాటైనవాళ్ళకి అలా మాన్పించేదాన్నని మీరే చెప్పారు."

"మాన్పించాను. ఎదురుగా కూర్చోబెట్టి, ఈ వారం ఇంత, వచ్చే వారం ఇంత అని కాగితం మీద రాసిచ్చి మాన్పించాను. ఏడ్చినవాళ్ళున్నారు. తిట్టినవాళ్ళున్నారు. ఒకాయన చీటీ నా మొహాన కొట్టి పోయాడు, వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. చెప్పకుండా మాత్రం ఎవరికీ తగ్గించలేదు. రోజూ బాగుందా అని అడిగేదానివి. బాగుందని చెప్పేదాన్ని."

"తప్పేనండీ."

"మా మేనకోడలు చెప్పిందా?"

"ఆపించమన్నది ఆవిడ. చెంచా నాది."

"తాళాలు ఆ బల్ల మీద పెట్టి వెళ్ళు."

ఆయా పెట్టింది. "రేపు రావాలాండీ?" అని అడిగితే, "రేపటి సంగతి రేపు" అని మందులమ్మ గోడవైపు తిరిగింది. ఆయా రెండో అంతస్తు దాకా దిగి మెట్టు మీద కూర్చుంది. కింద ఎవరో పాలు పొంగించుకున్న వాసన. లేవాలంటే రెయిలింగు పట్టుకోవాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున వెళ్ళి, చాలా కాలానికి ఆ ఇంటి బెల్లు కొట్టింది. మందులమ్మే వచ్చి తలుపు తీసింది. ఆయా వంట చేసింది, మాత్రలిచ్చింది, బట్టలు మడతపెట్టింది. తాళాల మాట ఇద్దరూ ఎత్తలేదు. అయిదవుతుంటే మందులమ్మ కుర్చీ ఈడ్చుకుంటూ వంటింట్లోకి వచ్చి, గట్టు పక్కన వేసుకుని కూర్చుంది.

"ఇక్కడే కలుపు. నా ఎదురుగా."

ఆయా అనాస ముక్కలు మిక్సీ పట్టింది. నురగ తగ్గేదాకా ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. నిమ్మరసం, పాకం పోసింది. సీసా మూత తీసి, కొలగ్లాసు పట్టుకుని ఆగిపోయింది.

"అమ్మగారూ, డాక్టరుగారు వద్దన్నారు. మీ మాత్రలకి పడదు. పొయ్యమంటారా, వద్దా?"

మందులమ్మ సీసా ఎత్తి ఎంత ఉందో చూసి కింద పెట్టింది.

"నిన్న తాగిన ఆ ఒక్క గుక్కకి రాత్రంతా గుండె దడదడలాడింది. ఆ ముసలాయన ముందు చచ్చినా ఒప్పుకోను, అది వేరే సంగతి." చీరచెంగుతో మొహం తుడుచుకుంది. "ఆదివారం ఆదివారం ఒక్క చెంచా. డాక్టరుని నేనే అడుగుతా, తిడితే నన్నే తిట్టనీ. కాదంటే అదీ లేదు. ఇవాళ ఏం వారం?"

"గురువారమండీ."

"అయితే మూత పెట్టెయ్. నాకు కనబడేలా పెట్టు."

ఆయా సీసాని ఆవిడ వైపు తిప్పి, మూత చివరిదాకా బిగించింది.