సోంపేట బీలలో వదలని నాలుగు చేపలు

మా ఆడపడుచు సుగుణ భర్తకు కొంతకాలంగా డయాలసిస్ జరుగుతోంది. బతికున్న నల్ల చేపలు కొని నీళ్లలో వదిలితే మంచిదని ఒక జ్యోతిష్యుడు చెప్పాడట. గుత్తకిచ్చిన చెరువులో వదిలితే మర్నాడే వలలో పడతాయని, సోంపేట బీలకు వెళ్దామంది సుగుణ. ఏడాదంతా నీళ్లు నిలిచే పల్లపు నేలను ఇక్కడ బీల అంటారు. బకెట్ ఒక్కతే మోయలేదని నేనూ బయలుదేరాను.

టెక్కలిలో ఆరింటి బస్సెక్కి పలాసలో దిగేసరికి సుగుణ మూతపెట్టిన బకెట్‌తో నిలబడి ఉంది. నాలుగు చేపలు, ఆరు వందలు. బజారులో ప్రాణంతో దొరికినవి అవేనట. ఆడవాళ్లకు బస్సు ఉచితం, ఆధార్ కార్డు ఉంటే చాలు. కానీ సోంపేట దాకా నిలబడే వెళ్లాం. ప్రతి కుదుపుకూ బకెట్ నీళ్లు నా చీర మీదే. అక్కడి నుంచి బీలకు ఆటో రానూపోనూ మూడు వందల యాభై.

గట్టు మీద వల దులుపుతున్న నీలమ్మ అనే ఆవిడ మమ్మల్ని ఆపింది.

"ఏటమ్మా అది? మూత తియ్యి, సూత్తాను." చూసి తల పట్టుకుంది. "ఇవి ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌లమ్మా! కిందటేడు ఎవులో ఇలగే మొక్కు అని వొగ్గేసి ఎల్లిపోనారు. కొర్రమేను పిల్లల్ని మిగలనివ్వకుండా తినేత్తన్నాయి."

"మా ఆయనకి డయాలసిస్ అమ్మా," అంది సుగుణ.

"మా ఇంట్లోనూ అదే రోగం. మీ ఆయన కోసం నువ్వు వొగ్గితే, మా ఆయన మందులకి నాకేటి మిగుల్తాది?"

సుగుణ బకెట్ దించలేదు. "తిరిగి పట్టుకెళ్తే చచ్చిపోతాయి వదినా. బతికిస్తానని తెచ్చి చంపమంటారా?" అంది నాతో.

నీలమ్మే తన కుండ చూపించింది. "కొర్రమేనులు, ఇప్పుడే పట్టినాను. ఇవీ నల్లటివే. రెండు కొనుక్కో. ఏ నీట్లో పుట్టాయో ఆ నీట్లోనే వొగ్గు."

ఆటో అబ్బాయి నవ్వాడు. "బాగుందప్పా! డబ్బులు నీకే, రేపు సేపలూ నీకే!"

"నోర్ముయ్యిరా! రేపు ఈ గట్టున వలెయ్యను, సాలా?"

రెండింటికీ మూడు వందలు. సుగుణ మోకాలి లోతు దిగి, ఒకదాని తర్వాత ఒకటి వదిలింది. నీలమ్మ మా బకెట్ అందుకుని, "ఇవి నీ సేత్తో వొద్దు. ఆ కొబ్బరి సెట్ల కాడికెల్లండి, ఎనక్కి సూడకండి," అంది. కత్తిపీట చప్పుడు అక్కడికీ వినిపించింది. సుగుణ నా చెయ్యి వదల్లేదు.

తిరుగు బస్సులో సుగుణకి వాళ్లాయన ఫోన్ చేశారు. "వదిలావా?" "వదిలాను." ఏ చేపలని ఆయన అడగలేదు.

మంగళవారం మళ్లీ డయాలసిస్ ఉంది. మొక్కు ఫలిస్తుందో లేదో నాకు తెలియదు, ఆలోచించే ఓపికా లేదు. కానీ నీలమ్మ ఆపకపోతే ఆ నాలుగింటినీ నీళ్లలో వదిలి, పుణ్యం చేశామనుకుంటూ బస్సెక్కేవాళ్లమని తలుచుకుంటే మనసు బరువెక్కుతోంది. మీకూ ఇలాంటి మొక్కుంటే బజారు చేపలు మోసుకెళ్లకండి. ఆ నీళ్లలో వల వేసేవాళ్లను అడిగి, అక్కడ పట్టినవే అక్కడ కొనండి. పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే పట్టినవి బజారుకు వెళ్లిపోతాయి.